ద్వాలి ఇంట్ల నీలం వెలుగు

ఏన్కూరు దాటి అడివి మొదలయ్యే కాడ, మిరప చేన్ల అంచున ఒక పాత పెంకుటిల్లు ఉంది. పొద్దుగూకినంక ఆ దిక్కు ఎవ్వరూ పోరు. పదిహేనేండ్ల కింద ఆ ఇంట్లనే ద్వాలి అనే ఆమెను మొగడు గొడ్డలితో నరికిండట. ఇంకా ఆమె ఆడనే తిరుగుతదని అంటరు.

తెలిసి తెలిసీ ఆ ఇంట్లకు పోయింది రుక్మిణి.

పాల్వంచల ఆమె మొగడు రాంసింగ్ షిఫ్టు దిగి వచ్చుడే ఆలస్యం, చేతికేది దొరికితే దాంతోటి కొట్టేటోడు. పక్కటెముక విరిగి దవాఖానాల పడ్డంక, ఆమె కట్టుబట్టలతో అన్న హాతీరాం కాడికి పారిపోయొచ్చింది. తనింట్ల పెట్టుకుంటే బావ ఎతుక్కుంట వస్తడని, ఎవ్వరూ తొంగిచూడని ఈ ఇల్లు చూపెట్టిండు హాతీరాం.

"భయంగాదా?" అని మెల్లగ అడిగిండు.

"దెయ్యం ఆయన లెక్క తన్నదు గదా, అన్నా."

ఒక్కతే ఉంటదని, స్తంభం నుంచి కరెంటు తీగె గుంజి, తనింట్ల ఉన్న పాత స్మార్ట్ టీవీ తెచ్చి బిగించిండు. నెట్టుకు డోంగల్ గుచ్చిండు. టీవీ ఏవేవో అడిగింది... నువ్వు చూసేది గుర్తుపెట్టుకోవచ్చునా, నువ్వెక్కడున్నవో తెలుసుకోవచ్చునా... చదివే ఓపిక లేక అన్నిటికీ ఓకే కొట్టిండు. సీరియళ్ల యాప్ తెరిచి రుక్మిణి తనకు గుర్తున్న పాత నంబరు, పాత పాస్‌వర్డే వేసింది. పాల్వంచ ఇంట్ల టీవీల ఉన్నవీ అవే.

పది దినాలు బాగనే గడిచినయ్.

ఒకనాడు మిరపకాయలు ఏరి, చీకటి పడేయాల్లకు వచ్చి తాళం తీసింది. టీవీ మీద చెయ్యేస్తే — వెచ్చగ ఉంది! పెట్టి చూస్తే, 'మీరు చూసినవి' అని వరుసగ బొమ్మలు. కుస్తీలు. పాత దేవుళ్ల సినిమాలు. ఆమె ఎన్నడూ చూడనివి.

తెల్లారి గట్లనే. ఆ మర్నాడు గూడ గట్లనే...

తాళమేసిన ఇంట్ల, పగటిపూట, ఎవరో కూసొని టీవీ చూస్తున్నరు.

కానీ రుక్మిణి ఎక్కడికి పోతది? ఆ రాత్రి చేతులు జోడించి, చీకట్లకు చూసుకుంట గొణిగింది. "నువ్వు చూసుకో తల్లీ... నన్ను మాత్రం ఉండనియ్యి."

ఆ వారమే ఒకనాడు వాన పడి పని ముందే ఆగింది. మూడింటికే ఇల్లు చేరింది. టీవీ బందయ్యి ఉంది... కానీ వేడి.

చీకటి పడ్డది. సీరియల్ పెట్టుకొని అన్నం వారుస్తున్నది. తలుపు మీద ఒక్క గుద్దు. రెండో గుద్దుకు గడియ ఊడింది.

రాంసింగ్. వాన కారుతున్న ఒళ్లు. చేతిల గొడ్డలి.

"ఎట్ల... ఎట్ల దొరికిన నీకు?"

"మనింట్ల టీవీ చెప్పింది." పండ్లు కొరికిండు. "నువ్వు ఈడ చూసిందల్ల ఆడ పడుతున్నదే! యాప్ లోపటికి పోయి చూస్తే, ఇంకో టీవీ ఉన్నదట... ఏన్కూరు అని రాసుంది. దెయ్యం ఇంట్ల నీలం వెలుగొస్తుందని ఛాయ్ హోటల్ల ఒకటే ముచ్చట. ఇంకేం గావాలె?"

జుట్టు పట్టి గోడకు కొట్టిండు. నొసలు పగిలి నెత్తురు కంట్లకు దిగింది. కింద పడితే కడుపుల తన్నిండు.

"పగటిపూట కుస్తీలు చూసేటోడెవడే? ఎవన్ని పెట్టుకున్నవ్?"

"ఎవ్వరూ లేరు... పగలు నేను చేన్ల ఉంట..."

"అబద్ధం!"

గొడ్డలి లేచింది. ఆమె చెయ్యడ్డం పెట్టింది — మోచేతి కింద కండ చీరుకుపోయింది. మళ్ల లేచింది. ఆమె పక్కకు దొర్లింది. దెబ్బ పోయి టీవీల దిగింది. భళ్లున నిప్పులు రాలి, ఇంట్ల కరెంటు మొత్తం పోయింది.

చిమ్మచీకటి...

పైన, అటక మీద, ఏదో కదిలింది.

రాంసింగ్ చెయ్యి ఆగింది. "ఎవడ్రా...?"

అటక చెక్కలు కిర్రుమన్నయ్. ధబ్బున కిందికి ఏదో దుంకింది. ఆ ఎంటనే ఒక దెబ్బ — ఎముక విరిగిన సప్పుడు. రాంసింగ్ పెడబొబ్బ. ఇంకో దెబ్బ. ఇంకోటి...

"అమ్మా... ద్వాలమ్మా..." రుక్మిణి గోడకు జరిగింది. తడుముకుంట తడుముకుంట ఫోను దొరకవట్టి లైటేసింది.

రెండు చేతులూ విరిగి రాంసింగ్ మూలుగుతున్నడు. వాని రొమ్ము మీద మోకాలు పెట్టి ఒక ముసలోడు. తెల్ల గడ్డం, ఎముకల గూడు, చేతిల మూలకున్న రోకలి. ఎగపోస్తున్నడు. దెయ్యం గాదు... మనిషే.

"భయపడకు బిడ్డా. ఎనక కిటికీ ఊచ ఊడొస్తది. నువ్వు లేనప్పుడొచ్చి టీవీ చూసేటోన్ని. ఇయ్యాల నువ్వు జల్దీ వస్తివి... పోయే తోవ లేక అటకెక్కిన."

అన్నకు ఫోన్ చేసింది రుక్మిణి. హాతీరాం పోలీసులను ఎంటేసుకొని వచ్చిండు. రాంసింగ్ ఇప్పుడు జైల్ల ఉన్నడు. తన చేత్తో ముద్ద ఎత్తుకోలేడట. అదంతా తర్వాత సంగతి.

వాళ్లు రాకముందు, రుక్మిణి చేతికి కొంగు చుట్టుకొని ముసలోనికి చెంబుతో నీళ్లిచ్చింది.

"నువ్వెవరు తాతా? ఈ ఇంటి ఊచలు, అటకలు నీకెట్ల ఎరుక?"

ఆయన నీళ్లు తాగలే. చెంబు పక్కన పెట్టిండు.

"నా పేరు బద్యా. ఇల్లు నాదే. పోయినేడు జైలు నుంచి ఇడిచిండ్రు..."

ఆమె మొఖం దిక్కు చూడలేక తల దించుకున్నడు.

"ద్వాలిని నరికింది నేనే, బిడ్డా."