సాసర్‌లో కొసలు

ఆదివారం ఉదయం ఆరున్నరకి అత్తగారు వంటింటి బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, సీసాలోంచి దోసకాయలు ఒక్కొక్కటే తీసి దాని మీద పెడుతున్నారు. వేలెడంత కాయలు, వెనిగర్‌లో ఊరినవి. పన్నెండు లెక్కపెట్టి, సీసా మూత బిగించి, మనవరాలిని కేకేశారు.

"బుడంకాయా, లేచావా?"

బుడంకాయకి పదహారేళ్ళు. నానమ్మ కంటే జానెడు పొడుగు. పుట్టినప్పుడు పెట్టిన ముద్దుపేరు ఇంకా వదల్లేదు.

"ఈ పులుపు వాసనకి లేవకుండా ఎలా ఉంటాను నానమ్మా?" అంటూ కళ్ళు నలుపుకుంటూ వచ్చింది.

"చేతులు కడుక్కో. ఇవాళ నువ్వే చేయాలి. నేను పక్కన నిలబడి చెప్తాను."

"నువ్వున్నావుగా, నేనెందుకు?"

"రేపట్నుంచి ఉండనుగా."

బుడంకాయ హాల్లోకి చూసింది. చెప్పుల స్టాండు పక్కన నానమ్మ సూట్‌కేసు నిన్నటి నుంచీ ఉంది. సాయంత్రం మేనత్త తన కారులో నానమ్మని తీసుకెళ్ళిపోతుంది. నెలకో, రెండు నెలలకో కాదు, ఇక అక్కడే.

ఆ రోజు బుడంకాయ అమ్మానాన్నల ఇరవయ్యో పెళ్ళిరోజు. మధ్యాహ్నం ఇరవై నాలుగు మంది వస్తున్నారు. ఈ ఇంట్లో ఎవరి పుట్టినరోజైనా, ఎవరికి ఉద్యోగం వచ్చినా భోజనం ముందు దోసకాయ చుట్టలు ఉండాల్సిందే. రొట్టె మీద క్రీమ్ చీజ్ రాసి, మధ్యలో ఊరిన దోసకాయ పెట్టి, చాపలా చుట్టి, ముక్కలుగా కోయడం. పొయ్యి వెలిగించే పని లేదు.

"ముందు కాయని గుడ్డలో గట్టిగా వత్తు. తడి ఉంటే చీజ్ పట్టదు. చుట్టలోంచి సబ్బులా జారిపోతుంది."

"ఇంతేనా?"

"ఇంకా. పిల్లి మెడ పట్టుకున్నట్టు పట్టుకుంటావేం? అది కరవదు."

బుడంకాయ రొట్టె పరిచి, చీజ్ రాసి, రెండు కాయల్ని వరసగా పెట్టింది. చుట్టబోతుంటే నానమ్మ ఆపారు.

"రెండు చివర్లా ఇంకో చెంచా వెయ్యి."

"చివర్లు కోసి పక్కన పడేస్తాంగా నానమ్మా. ఆ వంకర ముక్కలు ప్లేట్‌లోకి వెళ్ళవు కదా. వేస్టు."

"వేస్టు కాదు. చెప్పినట్టు వెయ్యి."

బుడంకాయ వేసింది. ఆరు చుట్టలు తయారయ్యాయి. చుట్టకి పన్నెండు ముక్కలు, మొత్తం డెబ్బై రెండు, మనిషికి మూడు. లెక్క సరిపోయింది. వాటిని ఫ్రిజ్‌లో పెడుతుంటే బుడంకాయ అమ్మ, ఆ ఇంటి కోడలు, వంటింట్లోకి వచ్చింది.

ఆవిడ కోర్టులో స్టెనో. సాక్షులు చెప్పింది చెప్పినట్టు రాయడం ఆవిడ పని. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో ఒక్క మాట కూడా తప్పు రాయలేదని ఆవిడకి పేరు. జడ్జీలు మారినప్పుడల్లా ఆ మాట పాతవాళ్ళు కొత్తవాళ్ళకి చెప్పేవారు.

"అత్తయ్యా, కాఫీ తాగారా?"

"తాగానమ్మా."

అంతే. మూడు వారాలుగా ఇద్దరి మధ్య మాటలు అలాగే ఉన్నాయి. మూడు వారాల కిందట కోడలు, "ఈసారి అన్నీ బయట ఆర్డర్ ఇచ్చేద్దాం అత్తయ్యా, మీరు కాస్త కూర్చోండి" అంది. అత్తగారు "సరే" అని, ఆ సాయంత్రమే కూతురికి ఫోన్ చేశారు. తను కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నట్టు మర్నాడు పొద్దున ఇంట్లో చెప్పారు. "ఈ ఒక్కసారికి చుట్టలు నేనే చేస్తాను. తర్వాత మీ ఇష్టం" అన్నారు.

కొడుక్కి ఏం జరిగిందో అర్థం కాలేదు. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. "మధ్యలో ఆగిపోయిన లిఫ్టులోంచి మనుషుల్ని తీయడం సులువు. మీ ఇద్దర్నీ బయటికి తీయడం నా వల్ల కాదు" అన్నాడు భార్యతో.

"ఆవిడకి కూతురి దగ్గరుండాలని ఉంది. నేనెవర్ని ఆపడానికి?" అంది కోడలు.

ఆర్డర్ మాట ఆవిడ ఊరికే అనలేదు. దాని వెనక ఒక సాసర్ ఉంది.

పెళ్ళయిన పదిహేనో రోజున ఇల్లంతా చుట్టాలు. కొత్తకోడలు ప్లేట్లు మోసి మోసి అలిసిపోయింది. అత్తగారు వంటింట్లోంచి పిలిచారు. ఆవిడ ముప్పై ఏళ్ళు లేసులు, రిబ్బన్లు అమ్మే షాపు కౌంటర్‌లో పనిచేశారు. చేతులు ఖాళీగా ఉండాలని గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకునే అలవాటు అక్కడే వచ్చింది. చుట్ట కోసేటప్పుడు విడిపోకుండా రెండు చివర్లా రెండు టూత్‌పిక్ పుల్లలు గుచ్చి, ఇంకొకటి పళ్ళ మధ్య పట్టుకునేవారు. ఆ మూడోది మాత్రం దేనికీ గుచ్చేవారు కాదు. ఆ రోజూ అలాగే పుల్ల పళ్ళ మధ్య ఉండగానే ఒక సాసర్ ముందుకి తోశారు.

"కొసలు నీకు."

సాసర్‌లో చుట్టల చివరి ముక్కలు. ఒక పక్క వంకర, ఒక పక్క చీజ్ బయటికి కారుతూ. గుండ్రంగా కోసినవి హాల్లోకి వెళ్ళాయి. ఇంటికొచ్చిన వాళ్ళకి ముక్కలు, ఇంట్లో పనిచేసేదానికి కొసలు అనుకుంది కోడలు. ఆకలేసి తింది. రుచిగా ఉన్నందుకు ఇంకా కోపం వచ్చింది. ఫోన్ చేసి తల్లికి చెబితే, "అత్తారిల్లమ్మా, సర్దుకుపో" అంది తల్లి.

ఆ తర్వాత ప్రతి పార్టీకీ అదే సాసర్, అదే మాట. ఇరవై ఏళ్ళు.

పదకొండున్నరకి ఆడపడుచు, అంటే బుడంకాయ మేనత్త, వచ్చింది. ఆవిడ గొంతు మనిషి కంటే ముందు ఇంట్లోకి వస్తుంది.

"ఏరా తమ్ముడూ, ఇరవై ఏళ్ళు నిన్ను భరించినందుకు మా మరదలికి ఏం కొన్నావ్?"

"మిక్సీ, అక్కా."

"పెళ్ళిరోజుకి మిక్సీయా! నీ మొహం. అది నీకు చట్నీ చేయడానికి కొన్నావు, తనకి కాదు."

అందరూ నవ్వారు. కోడలు కూడా నవ్వింది. ఆడపడుచు వంటింట్లోకి వచ్చేసరికి అత్తగారు చుట్టలు కోస్తున్నారు. ఒక్కో కోతకీ కత్తి తుడుస్తున్నారు. పళ్ళ మధ్య పుల్ల ఉంది. గుండ్రటి ముక్కలు రెండు ప్లేట్లలో, చివరివి సాసర్‌లో. ఆడపడుచు సాసర్ వైపు చెయ్యి చాచింది. అత్తగారు ఆ చేతి మీద ఒక్కటిచ్చారు.

"చూశావా, యాభై ఏళ్ళొచ్చినా నాకు దెబ్బలే! నువ్వు అదృష్టవంతురాలివమ్మా" అంది ఆడపడుచు మరదలితో.

కోడలు మొహం బిగుసుకుంది. అది ఎత్తిపొడుపని అనుకుంది. పట్టుచీర కట్టుకున్న పెళ్ళిరోజున, అందరూ హాల్లో ఉండగా, అత్తగారు సాసర్ ఆవిడ ముందుకి తోశారు.

"కొసలు నీకు."

కోడలు సాసర్ అందుకోలేదు. ఒక వేలితో వెనక్కి నెట్టింది.

"ఇవాళైనా ప్లేట్‌లోది ఒకటి పెట్టండి అత్తయ్యా."

అత్తగారు తలెత్తారు.

"ఇరవై ఏళ్ళు తిన్నాను ఈ కొసలు. కారిపోయినవి, వంకరపోయినవి, ఎవరికీ పెట్టలేనివి. ఏ రోజూ నోరెత్తలేదు. మీరు వెళ్ళిపోతున్నారు కాబట్టి అడుగుతున్నాను. ఈ ఇంట్లో మంచి ముక్క ఒకటి నాకు రాసిపెట్టి లేదా?"

కొడుకు గుమ్మం దాకా వచ్చి అక్కడే నిలబడ్డాడు.

"కొసలేంటి?" అన్నారు అత్తగారు. పుల్ల ఇంకా పళ్ళ మధ్యే ఉంది.

"మీరే అంటారుగా. ఇప్పుడే అన్నారుగా, 'కొసలు నీకు' అని. నేను విన్న మాట తప్పు కాదు. అది నా ఉద్యోగం."

అత్తగారు పుల్ల తీసి బల్ల మీద పెట్టారు. ఆ తర్వాత మాట్లాడారు.

"కొసరు నీకు, అన్నానమ్మా. కొసరు."

"మా షాపులో మీటర్ రిబ్బన్ అడిగితే మీటరే కొలుస్తాం. అది అందరికీ. కొందరికి మాత్రం కొలిచాక ఇంకో నాలుగు వేళ్ళు వదిలి కత్తిరిస్తాం. అది కొసరు. అడిగితే ఇచ్చేది కాదు. మనకి మనసైతే ఇచ్చేది." ఆవిడ సాసర్ వైపు చూశారు. "నువ్వొచ్చిన కొత్తలో ఆ రోజంతా ప్లేట్లు మోస్తూనే ఉన్నావు. ఒక్కరూ తిన్నావా అని అడగలేదు. నాకు నోటితో చెప్పడం రాదు. అందుకే చివర్లలో చీజ్ ఎక్కువ పెట్టి చుట్టాను. అది కోస్తే వంకరగానే వస్తుంది. లోపల ఎక్కువైతే ఏ చుట్టైనా అంతే."

బుడంకాయ ముందుకొచ్చింది.

"అమ్మా, అది నిజం. పొద్దున నాతో కూడా చివర్లకి చెంచా ఎక్కువ వేయించింది. వేస్టు కదా అంటే ఊరుకోమంది."

"నేనడిగితే కొట్టేది, చూశావుగా!" అంది ఆడపడుచు. గొంతు తగ్గించి మాట్లాడటం ఆవిడకి అదే మొదటిసారి. "సొంత కూతురికి ప్లేట్‌లోవి మూడు, లెక్కపెట్టి. ఆ సాసర్ మాత్రం నీకు. నాకెంత కడుపుమంటగా ఉండేదో తెలుసా? అదృష్టవంతురాలివి అని ఊరికే అన్నానా?"

కోడలు బల్ల మీది పుల్ల తీసుకుంది. దాన్ని పళ్ళ మధ్య పెట్టుకుని, మెల్లగా ఆ మాట పలికింది. కొసరు అనబోయింది. కొసలు అని వచ్చింది. మళ్ళీ అంది. మళ్ళీ అదే వచ్చింది.

పుల్ల తీసేసి ఆవిడ బల్ల అంచు పట్టుకుంది.

"సాక్షి మాట సరిగ్గా వినపడకపోతే మళ్ళీ చెప్పమని అడగాలి. కోర్టులో రోజుకి పదిసార్లు అడుగుతాను. ఇంట్లో ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు." చీర కొంగుతో కళ్ళొత్తుకుంది. "ఒక్కసారి 'ఏమన్నారు అత్తయ్యా' అని ఉంటే అయిపోయేది."

"నేను పుల్ల తీసి చెప్పి ఉన్నా అయిపోయేది" అన్నారు అత్తగారు. "నువ్వు బయట ఆర్డర్ ఇద్దామన్నప్పుడు, నీకు నా చేతిది చేదయిందనుకున్నాను. ఇంకెందుకు ఉండటం అనుకున్నాను."

కోడలు సాసర్ దగ్గరికి లాక్కుంది. ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. రొట్టె కంటే చీజ్ ఎక్కువ. ఆ తర్వాత దోసకాయ పులుపు. ఇరవై ఏళ్ళుగా తిన్న రుచే. ఇంకో ముక్క తీసి ఆడపడుచు నోట్లో పెట్టింది.

"అబ్బ!" అంది ఆడపడుచు నోరు నిండా ఉండగానే. "ఇన్నేళ్ళూ దీన్ని ఏడుస్తూ తిన్నావా? నాకిచ్చి ఏడ్చుంటే పోయేదిగా!"

ముందుగా బుడంకాయ నవ్వింది. తర్వాత అందరూ.

నాలుగింటికల్లా చుట్టాలు వెళ్ళిపోయారు. ప్లేట్లలో ఒక్క ముక్క మిగల్లేదు. బుడంకాయ చేసిందని తెలిసి నలుగురు ఎలా చేయాలో అడిగి రాసుకున్నారు. చివర్లలో ఎక్కువ వేసే చెంచా సంగతి బుడంకాయ ఎవరికీ చెప్పలేదు. ఆడపడుచు కారు తాళాలు చేతిలోకి తీసుకుంది.

"అమ్మా, బయల్దేరదామా?"

అత్తగారు కుర్చీలోంచి లేచారు. కోడలు వచ్చి ఆవిడ ఎదురుగా నిలబడింది.

"అత్తయ్యా, ఒక మాట అడుగుతాను. నాకు సరిగ్గా వినపడేట్టు చెప్పండి. మీకు వెళ్ళాలని ఉందా?"

అత్తగారు కూతురి వైపు చూశారు, కొడుకు వైపు చూశారు. తర్వాత కోడలి వైపు తిరిగారు.

"లేదమ్మా."

"ఇంకోసారి చెప్పండి."

"వెళ్ళాలని లేదు. ఇక్కడే ఉండాలని ఉంది."

"రాసుకున్నాను. ఇక మార్చడానికి లేదు" అంది కోడలు. సూట్‌కేసు తీసుకెళ్ళి అత్తగారి గదిలో మంచం మీద తెరిచింది. ఆడపడుచు తాళాలు మళ్ళీ బ్యాగులో వేసుకుంది. "నా గెస్ట్ రూముకి కొత్త కర్టెన్లు కుట్టించానే! ఆ ఖర్చు మీ ఆయన దగ్గర వసూలు చేస్తా" అంటూ తనూ వచ్చి బట్టలు బీరువాలో సర్దడానికి చెయ్యి వేసింది.

సర్దడం అయ్యాక కోడలు వంటింట్లోకి వెళ్ళింది. ఒక రొట్టె మిగిలింది. చీజ్ డబ్బాలో అడుగున కొంత ఉంది. సీసాలోంచి రెండు కాయలు తీసి గుడ్డలో వత్తింది. పొద్దున కూతురు చేసినట్టే రాసింది. రెండు చివర్లా చెంచా నిండా చీజ్ వేసి చుట్టింది. ఫ్రిజ్‌లో పెట్టే ఓపిక లేక అప్పుడే కోసింది. ముక్కలన్నీ వంకరగానే వచ్చాయి. చివరి రెండూ మరీ వంకర.

ఆ రెండింటినీ సాసర్‌లో పెట్టుకుని హాల్లోకి వచ్చింది. పళ్ళ మధ్య పుల్ల ఉంది. సాసర్ అత్తగారి ముందు పెట్టింది.

"కొసలు మీకు."

"ఏమన్నావమ్మా?" అన్నారు అత్తగారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

కోడలు పుల్ల తీసి మళ్ళీ చెప్పింది. ఆవిడ తినేదాకా పక్కనే కూర్చుంది.