బ్రహ్మయ్య కోరిన ముడి

మాచర్ల అవతల నాపరాయి క్వారీ ఒకటి ఉండేదట. పొద్దుగూకితే అటు పోవడానికి కుక్కలు కూడా వెనకాడేవట. తాడు ముడి జారి క్వారీ గుంటలో పడి చచ్చిన కూలీ బ్రహ్మయ్య అక్కడే తిరుగుతున్నాడని... కాపలాకి పడుకున్నవాణ్ణి పడుకున్నట్టే కింద పడేస్తాడని చెప్పుకునేవారు.

నేల మీద పడుకుందామంటే తేళ్లు. అందుకే కాపలావాళ్లు రెండు వేపచెట్ల మధ్య గోతాం ఉయ్యాల కట్టుకునేవాళ్లు. అర్ధరాత్రి దబ్బున పడేవాళ్లు — లేచి ఊళ్లోకి ఒకటే పరుగు.

ఎనభై మూడులో, కరువుకి ఎడ్లు అమ్ముకున్న పిచ్చియ్య ఆ పనికి కుదిరాడు. తెల్లారకముందే క్వారీ దాటితే పని ఊడినట్టేనని మేస్త్రీ ముందే చెప్పాడు. ఇంట్లో భార్య నాంచారమ్మ, ఎదిగే పిల్లలు. దెయ్యం కంటే ఆకలంటేనే పిచ్చియ్యకు భయం.

మొదటి రాత్రి కన్ను మూతపడిందో లేదో — చెవి దగ్గర వేడి ఊపిరి... తాడు ఒక్క గుంజు... దబ్బుమని నేల మీదున్నాడు. కాళ్లు పరుగెత్తమన్నాయి, కడుపు ఆగమంది. లాంతరు ఎత్తి చూశాడు.

మేస్త్రీగారి ముసలి బండెద్దు. నోట్లో తాడు కొస.

పిచ్చియ్యకు నవ్వూ సిగ్గూ ఒకేసారి వచ్చాయి. కొట్టంలో అగ్గి పుడితే పశువు దక్కాలని, కొస గుంజగానే విడిపోయే ముడితో పలుపు కడతారు రైతులు. చేతి అలవాటు కొద్దీ కాపలావాళ్లంతా ఉయ్యాలకీ అదే ముడి వేశారు. దాన్ని విప్పడం ఈ ఎద్దు ఎప్పుడో నేర్చుకుంది.

మర్నాడు, తాళ్లతో రాళ్లు పైకి లాగే అలీ సాహెబ్‌ని బతిమాలుకున్నాడు. ఆయన వచ్చి రెండు చెట్లకీ తన ముడి బిగించి, ఎద్దు కాదు, ఏనుగొచ్చినా ఊడదన్నాడు. ఎద్దునేమో కొట్టంలో పెట్టి తలుపేశారు.

ఆ రాత్రి పిచ్చియ్య ఆదమరిచి నిద్రపోయాడు.

మెలకువ వచ్చేసరికి నేల మీదున్నాడు.

పడలేదు... ఎవరో ఎత్తి పడుకోబెట్టినట్టు, తల కింద మడిచిన తువ్వాలు. పైన ముడులు చెక్కు చెదరలేదు. గోతాం మాత్రం బరువుగా కిందికి వంగి — కిర్రు... కిర్రుమని ఊగుతోంది.

పిచ్చియ్య మెల్లగా లేచి కూర్చున్నాడు. పరుగెత్తితే పని పోతుంది.

"బ్రహ్మయ్యన్నా... తెల్లారేలోపు దిగుతావా?"

ఉయ్యాల ఆగింది.

"దిగుతాలేరా," అంది గోతాంలోంచి ఓ నిద్రమత్తు గొంతు. "ఇన్నేళ్లకి నమ్మదగ్గ ముడి ఏశారు... కాసేపు నడుం వాల్చనియ్యి."