మూత మీద పసుపు

భిక్షం శవం నందికొండ జెట్టీ పక్కన తేలింది. ఎడమచేతి వేళ్లు ఐదూ విరిగి ఉన్నాయి. జేబులో ఒక స్పార్క్ ప్లగ్, సగం కాల్చిన బీడీ దొరికాయి. కాలుజారి నీళ్లలో పడ్డాడని పంచనామా రాసి అందరూ చేతులు దులుపుకున్నారు.

కాలుజారిన మనిషికి వేళ్లెందుకు విరుగుతాయని అడిగినవాడు ఒక్కడే. అతను హైదరాబాదులో బోర్డు లేని ఆఫీసులో కూర్చుంటాడు. డిపార్ట్‌మెంట్‌లో అందరూ అతన్ని బాస్ అంటారు.

"కూర్చో పర్వతాలూ. భిక్షం మన ఏజెంట్."

"తెల్సు సార్. మాది కేతేపల్లే. ఇద్దరం కలిసి గొర్లు కాసినోళ్లం."

బాస్ ఒక ఫొటో ముందుకు తోశాడు. బట్టతల, బంగారు ఫ్రేము కళ్లద్దాలు, చూడగానే నమస్కారం పెట్టాలనిపించే ముఖం.

"డాక్టర్ క్రేగర్. దీవి మీద మ్యూజియం చూడటానికొచ్చిన పండితుడినని చెప్పుకుంటున్నాడు. అసలు వృత్తి డ్యాములు, వంతెనలు పేల్చడం. 'కృష్ణవేణి' అనే పాత లాంచీ కిరాయికి తీసుకున్నాడు. దసరా సాయంత్రం కాపలావాళ్లు జమ్మి దగ్గరికి పోయిన సమయంలో లాంచీ నిండా జెలటిన్ వేసుకుని సాగర్ గేట్ల దగ్గరికి తీసుకుపోవాలని ప్లాను. గేట్లు పోతే వాడపల్లి దాకా ఊరన్నది మిగలదు."

"ఇప్పుడే పట్టుకుంటే?"

"జెలటిన్ ఎక్కడ దాచాడో తెలీదు. అతన్ని పట్టుకుంటే మిగతావాళ్లు ఇంకో లాంచీ వెతుక్కుంటారు. సరుకు ఎక్కేదాకా ఆగాలి. మన అదృష్టం కొద్దీ లాంచీ ఇంజన్ సరిగ్గా నడవడంలేదు. గుర్రంలా బయల్దేరుతుంది, నడినీళ్లలో ఆగిపోతుంది. అందుకే భిక్షాన్ని మెకానిక్ వేషంలో పంపాను. ఇప్పుడు వాళ్లకు మళ్లీ మెకానిక్ కావాలి. నీ పేరు గురవయ్య."

"అంటే ఇంజన్ బాగుచేస్తే డ్యామ్ పోతది. చెయ్యకపోతే నేను పోత."

"కరెక్ట్. దీన్నే మిషన్ అంటారు," అన్నాడు బాస్. "నీ కాంటాక్ట్ మిస్ అమృత, టూరిస్ట్ గైడ్. వైర్‌లెస్ సెట్టు ఆమె దగ్గరే ఉంది. నువ్వు 'నల్గొండ బస్సెప్పుడు' అని అడగాలి. ఆమె 'పంక్చరైంది, రేపే' అనాలి."

"భిక్షం సంగతి ఎంతమందికి తెల్సు సార్?"

"ముగ్గురికి. నాకు, నీకు, అమృతకు. నేనెవరికీ చెప్పలేదు."

"నేను చెప్పలేదు."

"అయితే మిగిలింది అమృతే. జాగ్రత్త," అన్నాడు బాస్. తర్వాత బాస్ ఒక చేతిగడియారం ఇచ్చాడు. కీ లాగితే సన్నటి ఉక్కు రంపం బయటికొస్తుంది. "టైము మాత్రం చూపించదు," అన్నాడు.

*

మిస్ అమృత జెట్టీ మీద నల్లద్దాలు పెట్టుకుని, చేతుల్లేని జాకెట్టు వేసుకుని, విదేశీ సెంటు వాసనతో నిలబడి ఉంది. ఐదేళ్ల కిందట నల్గొండలో ఆమె పేరు అమృతమ్మ.

"నల్గొండ బస్సెప్పుడమ్మా?" అన్నాడు గ్రీజు మరకల ఖాకీ నిక్కరులో ఉన్న పర్వతాలు.

"పంక్చరైంది, రేపే." చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "ఇను. ఇంజన్ నడిచేదాక నువ్వు నాకు గురవయ్యవే. నడిచినంక నీ సంగతి ఆలోచిస్త."

బాస్ అనుమానం నిజమైంది. ఇక వైర్‌లెస్ మీద ఆశ లేదు, తనను తానే కాచుకోవాలి.

క్రేగర్ మర్యాదగా షేక్‌హ్యాండ్ ఇచ్చి, అమృత చేత తన రూలు తెలుగులో చెప్పించాడు. ఇంజన్ ఒకసారి ఆగితే ఒక వేలు. ముందు ఎడమచెయ్యి, ఎందుకంటే మెకానిక్కు కుడిచెయ్యి అవసరం.

లాంచీ డ్రైవర్ మైసయ్య నలభై దాటిన మనిషి. సాగర్ నీళ్లలో ఊరు మునిగిపోతే ఆ నీళ్ల మీదే లాంచీ నడుపుకుని బతుకుతున్నాడు. మొదటిరోజే నడినీళ్లలో వేలు పెట్టి చూపించాడు. "మా ఇల్లు గీడనే తమ్మీ, గీ లాంచీ కింద. మా బాపు పాతిన ఏపచెట్టు గూడ గాడనే ఉన్నది."

ఇంజన్ లాంచీ కడుపులో, చెక్క తలుపు కింద ఉంది. యుద్ధం నాటి పెట్రోల్ ఇంజన్. పర్వతాలు ప్లగ్గులు గీకి శుభ్రం చేశాడు, కరెంటు చూశాడు. స్టార్టయింది. జెట్టీ నుంచి హాయిగా పోయి, నడినీళ్లలో దగ్గి, ఎగశ్వాస పీల్చి, ఆగిపోయింది. క్రేగర్ చిటికెన వేలు విరిచాడు. విరుస్తూ సారీ చెప్పాడు. మైసయ్య ముఖం పక్కకు తిప్పుకుని ఏడ్చాడు.

మర్నాడు పెట్రోల్ వడగట్టే గాజు గిన్నె విప్పితే అడుగున నీటి చుక్కలు కనబడ్డాయి. దొరికింది దొంగ అనుకుని కడిగి బిగించాడు. చల్లబరిచే నీటి గొట్టంలో నాచు తీశాడు. మళ్లీ అక్కడే ఆగింది. ఉంగరం వేలు పోయింది.

ఆ నొప్పిలో కూర్చుని ఉండగా ఒక విషయం తట్టింది. ఆగిన ప్రతిసారీ మైసయ్య పెట్రోల్ ఎంతుందో చూద్దామని ట్యాంకు మూత తిప్పి పుల్ల ముంచుతాడు. ఆ తర్వాత ఇంజన్ మళ్లీ స్టార్టవుతుంది. ఈసారి పర్వతాలే మూత తిప్పాడు. ఉస్సుమని ట్యాంకు గాలి పీల్చింది.

మూత తుడిచి చూశాడు. ఎండి గట్టిపడిన పసుపు పొరలు పొరలుగా ఉంది, దాని మీద కుంకుమ బొట్టు. మూత మధ్యలో గాలి పోవడానికి సూదిమొనంత బెజ్జం ఉంటుంది. పెట్రోల్ తగ్గినకొద్దీ ఆ బెజ్జంలోంచి గాలి లోపలికి రావాలి. రాకపోతే లోపల బిగుసుకుపోయి పెట్రోల్ చుక్క కూడా కిందికి దిగదు.

"మా ఇంటిది ఈదమ్మ పెడ్తది," అన్నాడు మైసయ్య. "సుక్కురారం సుక్కురారం గడపకు పెట్టి, మిగిలింది తెచ్చి దీనికి రాస్తది. కడుపు నింపే తల్లి గద."

రెండు వేళ్లు విరిగిన మనిషి నవ్వితే ఎలా ఉంటుందో మైసయ్య ఆరోజు చూశాడు. పర్వతాలు పిన్నుతో బెజ్జం పొడిచాడు. లాంచీ ఆగకుండా దీవి చుట్టూ తిరిగి వచ్చింది.

"రోగం ఏమిటి?" అని అమృత చేత అడిగించాడు క్రేగర్.

"కార్బురేటర్ల ఫ్లోట్ అంటుకున్నది దొరా. ఊడబీకి పెట్టిన," అన్నాడు పర్వతాలు. మైసయ్యకు కార్బురేటర్ అంటే ఏమిటో తెలియదు కాబట్టి తల ఊపాడు.

*

దసరా సాయంత్రం లారీలోంచి పెట్టెలు లాంచీలోకి దిగాయి. వాటి వెనకే ఈదమ్మ పళ్లెంలో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ పట్టుకుని వచ్చింది. పళ్లెం తన్నడానికి క్రేగర్ బూటు పైకి లేపాడు.

"పూజ కాంది డ్రైవర్ స్టీరింగ్ ముట్టడు దొరా," అన్నాడు పర్వతాలు. అమృత నవ్వుకుంటూ ఇంగ్లీషులో చెప్పింది. క్రేగర్ వాచీ చూసుకుని, త్వరగా కానిమ్మన్నాడు.

ఈదమ్మ ఇంజనుకు బొట్లు పెట్టింది. పర్వతాలు ఆమెకు ట్యాంకు చూపించాడు.

"వదినా, మూత మీద గూడ పెట్టు. దండిగ పెట్టు."

"పెట్టకుంట ఉంటనా గురవయ్యా?" అని ఆమె అరచేతినిండా ముద్ద తీసి మూత మీద మెత్తింది. మొగుడివైపు చూసి, "జల్ది రా. జమ్మి ఆకు తీస్కరా," అంది.

"మైసన్నను పండుగకు పోనియ్యండి. నేనే నడుపుత," అన్నాడు పర్వతాలు.

కొత్త డ్రైవర్ని ఒడ్డు మీద ఎవరైనా చూస్తే అనుమానం వస్తుందని క్రేగర్ ఒప్పుకోలేదు. ఈదమ్మ మెట్లెక్కి వెళ్లిపోయింది. క్రేగర్ ఒక పెట్టెలో చెయ్యిపెట్టి గడియారం తిప్పి, మేకులు దిగ్గొట్టి, దాని మీద ఇంకో మూడు పెట్టెలు పేర్పించాడు.

"అరగంట. గేటు దగ్గర లంగరు వేసి, వెనక కట్టిన పుట్టి పడవలో మనం వెళ్లిపోతాం. ఇక దాన్ని నేను కూడా ఆపలేను." అని ఇంగ్లీషులో చెప్పి పిస్తోలు తీశాడు. "ఎక్కండి, మిస్టర్ పర్వతాలు."

అమృత నల్లద్దాలు సర్దుకుంది. "నడిచింది గద. అందుకే చెప్పిన," అంది.

*

మైసయ్య మునిగిన ఇంటి మీదికి రాగానే ఇంజన్ దగ్గింది. ఇంకోసారి దగ్గి ఆగిపోయింది. నీళ్లు లాంచీని ఊపుతున్నాయి. దూరంగా గేట్లు సాయంత్రపు వెలుతురులో బారుగా కనబడుతున్నాయి.

"బాగుచెయ్," అన్నాడు క్రేగర్.

పర్వతాలు ప్లగ్గులు విప్పాడు. బిగించాడు. గాజు గిన్నె విప్పి కడిగాడు. షాఫ్టుకు నాచు చుట్టుకుందేమోనని వెనక్కి వెళ్లి వంగాడు. చేతిగడియారపు రంపం పుట్టి తాడును చప్పుడు లేకుండా కోసింది. తిరిగొచ్చి ట్యాంకు మీద చెయ్యి ఆనించి కూర్చున్నాడు. అరచేతి కింద పసుపు ఇంకా తడిగానే ఉంది.

క్రేగర్ నడిమి వేలు విరిచాడు. ఈసారి సారీ చెప్పలేదు. ఫలితం లేదని తెలిసి పిస్తోలు మైసయ్య తలకు పెట్టాడు.

"మూడు అంకెలు లెక్కపెడతాను."

"గురవయ్యా, జర చూడు తమ్మీ," అన్నాడు మైసయ్య. గొంతులో భయం కన్నా నమ్మకం ఎక్కువ ఉంది. "నీకొస్తది. మొన్న జేసినవ్ గద."

మూత ఒక్క తిప్పు తిప్పితే చాలు. పర్వతాలు చెయ్యి కదల్లేదు. వాడపల్లి దాకా ఉన్న ఊళ్ల పేర్లు మనసులో ఒక్కొక్కటే తలుచుకున్నాడు.

"నాకు రాదన్నా."

పిస్తోలు పేలింది. మైసయ్య ఇంజన్ తలుపు మీద బోర్లా పడ్డాడు. పర్వతాలు చెయ్యి మూత మీదే ఉంచాడు.

క్రేగర్ పుట్టి కోసం వెనక్కి పరిగెత్తాడు. అది అప్పటికే చాలా దూరం కొట్టుకుపోయింది. బూతులు తిడుతూ వచ్చి, పెట్టెలు ఒక్కొక్కటే కిందికి లాగి, తను కొట్టిన మేకులు తన గోళ్లతోనే పీకడం మొదలుపెట్టాడు.

అమృత చూపు పసుపు అంటిన ఆ చేతి మీద పడింది. దండిగా పెట్టమని అతను ఈదమ్మను అడిగింది గుర్తొచ్చింది; మిగతాది నల్గొండ ఆడపిల్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"గా మూతేనా?" అంది మెల్లగా. "దొరకు చెప్పనా?"

"చెప్పు. ఇంజన్ నడిస్తే గేటుకాడికే తోలుతడు. పుట్టి లేదు. నువ్వు గూడ గాడనే పోతవు. నీకు ఈతొస్తదా?"

"రాదు." నల్లద్దాలు తీసేసింది. "నన్ను ఒడ్డుకు తీస్కపోతవా?"

"తీస్కపోత."

ఆమె నోరు మూసుకుంది. కాసేపటికి క్రేగర్ ఆఖరి పెట్టె మీదికి వంగాడు. పర్వతాలు లేచి అంచు మీదికి ఎక్కాడు. ఆమె అతని చొక్కా గట్టిగా పట్టుకుంది.

"భిక్షంకు గూడ ఏమన్న మాటిచ్చినవా?" అని అడిగి, చొక్కా విదిలించుకుని నీళ్లలోకి దూకాడు.

ఆమె కేక చాలాసేపు వినబడింది. అతను వెనక్కి తిరగలేదు. విరిగిన వేళ్లతో ఈది పుట్టి అంచు పట్టుకునేసరికి నీళ్లు పైకి లేచాయి, ఆకాశం ఎర్రబడింది. కాలనీలో కిటికీ అద్దాలు అదిరాయి. గేట్లు మాత్రం చెక్కుచెదరలేదు. జమ్మి దగ్గర జనం ఎవరో గొప్పవాళ్లు బాణాసంచా కాల్పిస్తున్నారనుకుని చప్పట్లు కొట్టారు.

*

మర్నాడు ఒడ్డున ఈదమ్మ కూర్చుని ఉంది. పర్వతాలు కట్లు కట్టిన చేత్తో ఎదుట నిలబడ్డాడు.

"నువ్వు చెప్పినట్టే మూత మీద దండిగ పెట్టిన గద గురవయ్యా," అంది ఆమె. "మరి గిట్లెందుకైంది? పసుపు తక్కువైందా?"

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. "తక్కువ గాలేదు వదినా," అన్నాడు.

సాయంత్రం హైదరాబాదు నుంచి బాస్ ఫోన్ చేశాడు.

"కంగ్రాచ్యులేషన్స్! డ్యామ్ సేఫ్, ముఠా క్లోజ్. కాని రిపోర్టులో ఇంజన్ ఎందుకాగిందో రాయలేదేం?"

"కనుక్కోలేకపోయిన సార్."

"పోనీలే," అని బాస్ పెద్దగా నవ్వాడు. "ఏజెంటుగా ఫస్ట్ క్లాస్. మెకానిక్‌గా మాత్రం నువ్వెందుకూ పనికిరావోయ్!"