తొలిధార

అశోక్‌నగర్ సందులో ఇంకా తెల్లవారలేదు. వాకిట్లో నల్లా ఒకసారి గురక పెట్టింది. ముందు గాలి వస్తుంది, ఆ వెనుక నీళ్ళు వస్తాయి. ఆ చప్పుడు కోసమే చెవి ఒగ్గి కూర్చున్న జగదీశ్వర్ గారు తడిబట్టతో, రాగిచెంబు పట్టుకొని మెట్లు దిగారు. ఎవరి చేయీ సోకని, ఎవరి బిందెలోనూ పడని తొలిధార భగవంతునిది. వారి తండ్రిగారు అలాగే పట్టేవారు. తపాలా శాఖలో కొలువు చేసినంత కాలమూ, పదవీ విరమణ పొందిన తరువాతా జగదీశ్వర్ గారు ఆ నియమం తప్పలేదు. రోజు విడిచి రోజు వచ్చే నీళ్ళు ఏ జామున వచ్చినా ఆయన చెంబు ముందుండేది.

పూజగదిలో చెంబుమూత తీసినప్పుడు ఏదో చిన్న వాసన ముక్కుకు తగిలినట్టయింది. ఎండాకాలపు నీళ్ళు కదా, మందు ఎక్కువ కలిపి ఉంటారనుకున్నారు. తులసిదళాలు వేసి, పచ్చకర్పూరం రోజుకంటే ఒక చిటికెడు ఎక్కువ వేశారు. గదంతా పరిమళించింది.

"నాన్న, ఫిల్టరు నీళ్ళతోని అభిషేకం చేస్తే స్వామి వద్దంటడా?" వంటింటి గుమ్మంలో నిలబడి అడిగాడు కొడుకు ఉదయ్ కుమార్. భార్యకు నెల తప్పిన నాడే అతడు ఆ యంత్రాన్ని గోడకు బిగించాడు.

"స్వామి అనడు. నేనంట. సగం నీళ్ళు మోరీల పారబోసి, సగం ప్లాస్టిక్ కడుపుల నిలవ పెట్టే డబ్బా అది. దానికేమన్న మడి ఉందా?"

"మడి సంగతి తెల్వదు గని మామయ్యా, నీలం లైటైతే ఉంది" అంది నవత నవ్వుతూ. "మడి కావాలంటే కంపెనీవాళ్ళకు ఫోన్ చేసి అడుగుత."

జగదీశ్వర్ గారు కూడా నవ్వేశారు. చిన్ననాడే తల్లిని పోగొట్టుకొని ఈ ఇంట అడుగుపెట్టిన ఆ కోడలి మీద ఆయనకు కోపం నిలిచేది కాదు. బషీర్‌బాగ్‌లోని బ్యాంకుకు వెళ్తూ, ఫిల్టరు నీళ్ళ సీసా సంచిలో పెట్టుకొని, ఆమె ముందుగా చేయి చాచేది ఆయన దగ్గరే. అకాలమృత్యువును హరించేదీ, సర్వవ్యాధులను మాన్పేదీ అని అర్థమిచ్చే శ్లోకం చదువుతూ, ఆయన ఉద్ధరిణెతో ఆ అరచేతిలో మూడుమార్లు తీర్థం పోసేవారు.

"లోపల ఉన్నదానికి కూడ ముట్టింది మామయ్యా, తంతుంది" అనేది నవత, కళ్ళకద్దుకొని తాగి.

ఆమెకు ఏడో నెల నడుస్తుండగా అన్నం సయించడం మానేసింది. వేవిళ్ళు తిరగబెట్టాయేమో అనుకున్నది అత్తగారు నళిని. ఒకనాటి సాయంత్రం దీపం వెలుతురులో కోడలి కళ్ళు పసుపు పూసినట్టు కనిపించేసరికి ఆటో పిలిపించింది. నారాయణగూడ ఆసుపత్రిలో పరీక్షలు చేసి డాక్టరమ్మ, "కామెర్లు. మురికినీళ్ళ ద్వారా సోకే రకం. మిగతావాళ్ళకు వచ్చినట్టు కూడా తెలియకుండా పోతుంది. గర్భిణులకే ప్రాణాంతకం" అన్నది.

తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు. ఆడపిల్ల. ఉదయ్ కుమార్ ఆ చిన్న తెల్లగుడ్డ మూటను రెండు చేతులమీద ఎత్తుకొని వెళ్ళినప్పుడు, అంత తేలికైన బరువుకు అతడు అంతలా ఎందుకు తూలుతున్నాడని ఆసుపత్రి వసారాలో ఎవరూ అడగలేదు.

"ఇంట్లో ఫిల్టరుందంటున్నారు. మరి బయట ఎక్కడైనా నీళ్ళు తాగావా అమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది.

నవత మామగారి వంక ఒక్కసారి చూసి, చూపు దించుకున్నది. "నారాయణగూడ చౌరస్తాల పానీపూరి తిన్న మేడం. మూడు నాలుగుసార్లు."

ఇంటికి వచ్చాక నళిని దుఃఖం ఆగలేదు. "ఇంట్ల వద్దన్నదేముందే? అడిగిందల్లా చేసిపెడితి. నాలుకను ఇంకొన్ని దినాలు కట్టేసుకోకపోతివా?" అని కొంగు నోట కుక్కుకొని ఏడ్చింది. ఉదయ్ భార్యతో మాట్లాడడమే మానేశాడు. మాట తూలని జగదీశ్వర్ గారు సైతం మంచం దగ్గర నిలబడి అన్నారు:

"దేవుని తీర్థం చేతుల పోసి పంపిస్తి. నువ్వు పోయి బండి నీళ్ళు తాగితివా బిడ్డా?"

నవత గోడవైపు తిరిగింది. ఆమె భుజాలు కదలడం చూసి కూడా ఆయన ఓదార్చలేదు. తప్పు తెలిసి ఏడుస్తున్నదనుకున్నారు.

ఇంటికి మైల వచ్చింది. స్వామి ముందు తెర దించారు. రాగిచెంబు తోమి బోర్లించారు. పూజ లేని తెల్లవారుజాము జగదీశ్వర్ గారికి కొత్త. అయినా అలవాటు ఊరుకోదు గనుక నల్లా గురక విని లేచి వాకిట్లోకి వచ్చారు. చేతిలో చెంబు లేదు. ముఖం కడుక్కుందామని పిట్టగోడమీద ఆరబెట్టిన గాజుగ్లాసు తీసుకొని ధార కింద పట్టారు.

వీధిదీపం వెలుగులో గ్లాసు ఎత్తి చూశారు. నీళ్ళు బియ్యం కడిగిన కుడితిలా ఉన్నాయి. అడుగున నల్లని నలుసులు తిరుగుతున్నాయి. ముక్కు దగ్గర పెట్టుకోబోయి ఉలిక్కిపడ్డారు. మోరీ కంపు.

ఆయన కదలలేదు. నల్లా అలాగే పారుతున్నది. కాసేపటికి రంగు తేరింది, వాసన పోయింది. తరువాత వచ్చి బిందె పట్టుకునేవారికి దొరికేవి ఆ తేటనీళ్ళే. తండ్రి నాడు వేయించిన ఇనుప గొట్టం గేటు దగ్గర మోరీలో మునిగి ఇంట్లోకి వస్తుంది. నీళ్ళు లేని దినాన చిల్లుపడిన ఆ ఖాళీ గొట్టంలోకి మురుగు దిగుతుంది. నీళ్ళు వదలగానే ఆ మురుగును ముందుకు తోసుకొచ్చేది తొలిధార. అది రాగిచెంబు చీకటిలో కనబడలేదు. వాసన తగిలింది. తగిలితే తానేం చేశాడు?

ఒక చిటికెడు ఎక్కువ వేశాడు.

గ్లాసు పట్టుకొని ఆయన నేరుగా కోడలి మంచం దగ్గరకు వెళ్ళారు. నిద్రలేని నవత ఆ గ్లాసును చూసి, లేచి కూర్చొని, ఏమీ అడగలేదు. ఆ అడగకపోవడంలోనే ఆయనకు సమాధానం దొరికింది.

"నవతా, పానీపూరి తిన్నవా?"

నవత చూపు గ్లాసు మీదే ఉంది.

"స్వామి ఆన. నిజం చెప్పు తల్లీ."

"తినలేదు మామయ్యా."

నళిని, ఉదయ్ లేచి వచ్చారు. జగదీశ్వర్ గారు గ్లాసు బల్లమీద పెట్టారు. కొంత ఒలికింది. గదిలో కంపు వ్యాపించింది. వివరించవలసిన పని లేకపోయింది.

"వాసనొచ్చింది నాకు" అన్నారు ఆయన. "పచ్చకర్పూరంతోని కప్పేసిన. నీళ్ళు మంచియో కావో చూడలేదు. దేవుని నీళ్ళు చెడుతయా అనుకున్న."

ఉదయ్ తండ్రి ఎదుటికి వచ్చాడు. "ఫిల్టరు పెట్టిననాడు ఎంత బతిమాలిన నాన్న! ఒక్కసారి... నీ మడి నీకు దక్కింది. నా బిడ్డ నాకు దక్కలేదు." అని, అంతలోనే భార్య వైపు తిరిగి కుప్పలా కూలబడ్డాడు. "నాకన్న చెప్పొద్దా నవతా? నీ మొఖం కూడ చూడకపోతిని గద ఇన్ని దినాలు!"

"చెప్తే నువ్వు ఊకుంటవా?" నవత మాట చాలా నెమ్మదిగా వచ్చింది. "నాకెట్లాగూ పోయింది. మామయ్యకు స్వామి తప్ప ఏముంది? అది కూడ పోవద్దనుకున్న. పానీపూరి బండాయన నన్నెరుగడు, నేనాయన్నెరుగ. ఆయన మీద నిందొస్తే ఎవరికేం నష్టం?"

నళిని కోడలిని రెండు చేతులా పొదువుకొని, "నేనేమంటినే... నోటికొచ్చినట్టంటిని గదే" అంటూ ఆమె తల నిమిరింది. జగదీశ్వర్ గారు మాత్రం మంచం కోడు పట్టుకొని నేలమీద కూర్చుండిపోయారు.

మైల తీరేలోగా పాత గొట్టం పెకలించి, మోరీకి దూరంగా కొత్తది వేయించారు. పరీక్షకు ఇచ్చిన నీళ్ళలో మురుగు కలిసిందనే తేలింది. డాక్టరమ్మ, "ఇదొక్కటే కారణమని నేను ప్రమాణం చేయలేను" అన్నది. ఆ దయతో ఆయనకు ఊరట కలగలేదు.

స్వామి ముందు తెర తీసిన ఉదయం ఆయన నల్లా దగ్గరకు వెళ్ళలేదు. ఫిల్టరు నీళ్ళు పట్టి, మడితో పొయ్యిమీద మరగకాచి, చల్లార్చి అభిషేకం చేశారు. చివర ఉద్ధరిణె చేతిలోకి తీసుకున్నారు గాని, అకాలమృత్యువును హరించేదన్న ఆ శ్లోకం చదవలేకపోయారు. ఎవరినీ పిలవలేక అలాగే కూర్చున్నారు.

నవత గోడ పట్టుకొని మెల్లగా వచ్చి ఎదుట కూర్చున్నది. వదులైన గాజులు మోచేతిదాకా జారుతుండగా చేయి చాచింది.

"వద్దు తల్లీ."

"పొయ్యండి మామయ్యా."

ఇంటిల్లిపాదికీ ఇచ్చి చివర తాను పుచ్చుకోవడం ఆయన వాడుక. ఆ ఉదయం ముందు తన అరచేతిలోనే పోసుకొని, వాసన చూసి, తాగారు. ఆ తరువాతనే ఆమె చేతిలో పోశారు. నవత కళ్ళకద్దుకొని తాగింది. ఆమె రెండవ చేయి అలవాటు చొప్పున పొట్టమీదికి వెళ్ళి, అక్కడే ఆగిపోయింది. ఇద్దరూ దాన్ని చూశారు.

ఆమే అడిగింది. "పచ్చకర్పూరం వెయ్యలేదా?"

"లేదు బిడ్డా. ఇంక వెయ్యను" అన్నారు ఆయన, కన్నీళ్ళు తుడుచుకోకుండానే. "నీళ్ళు ఎట్లున్నయో తెల్వాలె గద."

ఆమె మళ్ళీ చేయి చాచింది.