పున్నమి అలర్టు

ఉదయం తొమ్మిదిన్నరకి కంట్రోల్ రూమ్ స్క్రీన్ మీద మూడో తరగతి పిల్లలు ముప్ఫైమందీ ఆకుపచ్చ చుక్కలుగా ఉన్నారు. వాళ్ల మణికట్లకున్న బ్యాండ్ గుండె వేగాన్నీ, చెమటనీ, గొంతు తీవ్రతనీ కొలుస్తుంది. ఆవేశం హద్దు దాటితే చుక్క ఎర్రబడుతుంది. పున్నమి నాడు పిల్లలు అదుపు తప్పుతారని విశాఖలోని ఆ బడి గట్టిగా నమ్మింది. ఆ రోజు ఎర్రబడ్డ వాళ్లందరినీ 'నిశ్శబ్ద గది'లో కూర్చోబెట్టేది.

కాసేపటికి టీచర్ల ఫోన్లు మోగాయి: "ఈ రోజు పౌర్ణమి. జాగ్రత్త." పదింటికల్లా పదకొండు చుక్కలు ఎర్రబడ్డాయి.

పన్నెండింటికి నూకరత్నం వచ్చింది. సిటీ బస్సు డ్రైవరు. డ్యూటీలో ఉండగా కబురందితే ఖాకీ చొక్కాతోనే పరుగెత్తుకొచ్చింది. కూతురు హిమజని ఆ గదిలో పెట్టడం ఈ ఏడాదిలో ఇది నాలుగోసారి.

"నా పిల్లేటి చేసిందండీ?" అని బ్యాండ్ కనిపెట్టిన డాక్టర్ విశ్వంభర్‌ని నిలదీసింది.

ఆయన కంట్రోల్ రూమ్ తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించాడు.

"ఇవాళ పున్నమి కాదమ్మా. ఇంకా ఐదు రోజులుంది. పరీక్ష కోసం అలర్టు నేనే ముందుగా పంపాను. వారంగా ముసురు కదా, ఆకాశం చూసినవాళ్లు లేరు. ఫోను చెప్పింది, నమ్మేశారు."

రికార్డింగు వేసి చూపించాడు. అలర్టు రాగానే టీచరు గొంతు హెచ్చింది. కిటికీలు మూయించింది. ఆటల పీరియడ్ లేదంది. పెన్సిల్ కింద పడేసినందుకు హిమజని నిలబెట్టింది. చుక్కలు ఎర్రబడటం ఆ తర్వాతే మొదలైంది.

"చూశారా! పిల్లల్ని రెచ్చగొడుతున్నది చంద్రుడు కాదు, పెద్దవాళ్ల భయం!" ఆయన మొహం వెలిగిపోతోంది.

నూకరత్నం మొహం కందగడ్డ అయింది. "అంటే, అన్నీ తెలిసే నా పిల్లని గదిలో కూకోబెట్టించి, మీరిక్కడ చుక్కలు లెక్కెట్టుకుంటున్నారా?"

"మధ్యలో ఆపితే రుజువు..."

"మీ రుజువు మీద మన్నెయ్య! ఈ ముక్క ఏ తల్లినడిగినా చెప్పును కదా!"

ఇంకో మాటకి ఆగలేదు. వెళ్లి నిశ్శబ్ద గది తలుపు తోసింది. పదకొండుమందీ గోడకేసి తిరిగి కూర్చున్నారు. హిమజ పెదవి కొరుక్కుని కొరుక్కుని నెత్తురు తెచ్చుకుంది. ఎనిమిదేళ్ల పిల్లని చంకనెత్తుకుని, మిగతా వాళ్లతో "పదండర్రా బయటికి" అంది. ఆపబోయిన ఆయా ఆమె చూపు చూసి పక్కకి తప్పుకుంది.

విశ్వంభర్ రిపోర్టు ఇచ్చాడు. నెల తిరక్కుండానే తల్లిదండ్రులకి బడి నుంచి ఉత్తరం వచ్చింది: "పిల్లల ఆవేశానికి పున్నమితో సంబంధం లేదని సైన్స్ నిరూపించింది. అది ఏ రోజైనా రావచ్చు. కనుక ఇకపై నిశ్శబ్ద గది అన్ని రోజులూ తెరిచి ఉంటుంది."

మర్నాడు ఆయన బస్సు డిపోకి వచ్చి నూకరత్నాన్ని కలిశాడు.

"పెద్దవాళ్ల సంగతీ రాశానమ్మా. ఆఖరి పేజీలో ఉంది. వాళ్లు మొదటి పేజీ దగ్గరే ఆగిపోయారు."

"ఆఖర్న ఎందుకెట్టారు?"

బ్యాండ్లు కొనేది ఆ పెద్దవాళ్లే.

"మీకూ భయమే సారూ," అంటూ ఆమె బస్సెక్కి కూర్చుంది. "పిల్లని వేరే బళ్లో వేశాను. వాళ్లూ నిన్ననే మీ బ్యాండ్లకి ఆర్డరిచ్చారు. ఇప్పుడు రోజూ పనికొస్తాయట కదా!"