కోసి పెట్టిన పలక

నోరీన్ క్లెగ్ కుర్చీలో కూర్చోలేదు. చేతిసంచీని గుండెలకు అదుముకుని తలుపు దగ్గరే నిలబడింది.

"నిజం తెలియాలి, కానీ మా ఆయన జైలుకు పోకూడదు. అలా కుదురుతుందా?"

హాలిఫాక్స్ బజారులో రొట్టెల దుకాణం పైన ఉన్న ఆ గదిలో ప్రైవేట్ డిటెక్టివ్ హెస్టర్ లంబ్ రకరకాల కోరికలు విన్నది. ఇలాంటిది వినలేదని ఆమె కళ్ళజోడు తీసిన తీరులోనే సహాయకుడు కోలిన్‌కు అర్థమైంది.

"ముందు కూర్చోండి. కోలిన్, టీ పెట్టు. ఏం చేశాడు మీ ఆయన?"

"చేశాడో లేదో తెలీదండీ. అదే నా ఏడుపు."

క్లెగ్ దంపతులది కొండవాలు మీద గోడకు గోడ ఆనించి కట్టిన పాత వరస ఇళ్ళలో ఒకటి. ఎప్పటికైనా అటకను పడకగదిగా మార్చాలని నోరీన్ ఆశ. గది తరవాతి మాట. ముందు ఇల్లు ఆ బరువుకు సిద్ధం కావాలి. బెర్నార్డ్ అనే మేస్త్రీ పాత దూలాల పక్కన కొత్తవి బిగించాడు. నీళ్ళ తొట్టిని మూలకు జరిపాడు. కప్పులో కిటికీ పెట్టాడు. ఆ వరసలో ఇంటికీ ఇంటికీ మధ్య అటకలో నడుమెత్తు గోడలే ఉన్నాయి. తమ వైపు గోడలను కప్పుదాకా లేపడం ఒక్కటే మిగిలింది. దూలాల మధ్య ఉన్నది పలచటి సీలింగే కనుక, నడవడానికి మేకులు కొట్టకుండా పలకలు పరిచాడు.

ఆ గది పాలీన్ కోసం. పాటల పోటీలో నోరీన్‌కు ఈమధ్యే స్నేహమైన మనిషి. ఉద్యోగం మానాక వచ్చి వాళ్ళతోనే ఉంటానంది. శనివారం చూడటానికి వచ్చి, కొత్త కిటికీ వైపు ముచ్చటగా నడిచింది. కాలి కింద పలక విరిగింది. ఆమె సీలింగ్ చీల్చుకుని కింది గదిలో పడింది. మంచం అడ్డం ఉండబట్టి ప్రాణం దక్కింది, కాలు విరిగింది.

"పలకను అడుగువైపు నుంచి సగానికి పైగా రంపంతో కోశారండీ," అంది నోరీన్. "అటక తలుపుకు తాళం. తాళంచెవులు నా దగ్గరొకటి, మా ఆయన విల్ఫ్ దగ్గరొకటి. మేస్త్రీ శుక్రవారం పని ముగించి తాళం వేయించి వెళ్ళాడు. పొద్దున నేను పాలీన్ కోసం స్టేషన్‌కు పోయాను. ఇంట్లో ఉన్నది ఆయనొక్కడే."

"పాలీన్ అంటే ఆయనకు గిట్టదా?"

నోరీన్ తల దించుకుంది. "'నేను చాలనా నీకు, ఇంకో మనిషి కావాలా' అంటాడు."

*

విల్ఫ్ క్లెగ్ బొద్దుగా, ఎర్రటి మొహంతో ఉన్నాడు. డిటెక్టివ్‌ను చూసి టీవీ ఆపలేదు, గొంతు పెంచాడు.

"అవును, ఆవిడ రావడం నాకిష్టం లేదు. పొద్దస్తమానం పాటలు, పకపకలు. నా ఇంట్లో నేనే చుట్టాన్నయిపోయాను. అయితే మాత్రం? కాళ్ళు విరగ్గొడతానా?"

"శనివారం పొద్దున ఏం చేశారు?"

"గుర్రప్పందేలు చూశాను. ఇప్పటిలాగే."

"ఈ మోతలో పైన ఏనుగు నడిచినా వినపడదు," అని కోలిన్ గొణిగాడు.

పైకి నోరీన్ దారి చూపించింది. నిచ్చెన ఎక్కగానే పలకలను వదిలేసి, ఒక దూలం మీంచి ఇంకో దూలం మీదికి అడుగులేస్తూ పోయింది. నిచ్చెన మొదట్లో నిలబడి చూస్తున్న విల్ఫ్ కేకేశాడు: "పలకల మీద నడవవే! నీకోసమేగా వేయించింది!"

"అలవాటు చావదండీ," అంది నోరీన్ సిగ్గుపడుతూ. "పుట్టింది ఈ ఇంట్లోనే. చిన్నప్పటి నడక."

"ఎన్నిసార్లు చెప్పినా వినదు," అన్నాడు విల్ఫ్.

హెస్టర్ విరిగిన పలక దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. "కోలిన్, నీకేం కనిపిస్తోంది?"

"కోత కొత్తది. కానీ ఇక్కడ రంపప్పొట్టు లేదు మేడమ్."

"శభాష్."

ఆమె టార్చి పట్టుకుని రెండు వైపులా గోడల మీంచి తొంగిచూసింది. ఎడమవైపు సాలెగూళ్ళు దుప్పట్లలా వేలాడుతున్నాయి. కుడివైపు, పక్కింటి అటకకు అవతలి గోడ మీద కూడా అంతే. కుడివైపు గోడ మీంచి వంగి, చిటికెడు ఏదో తీసి కాగితంలో మడుచుకుంది.

కిందికి వచ్చేసరికి వంటింట్లో పక్కింటి ఐవీ సగ్డెన్ మాంసం వడ్డించిన పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. సన్నగా, చురుగ్గా ఉంది. భర్త పోయాక ఒంటరి. కుడివైపు ఇల్లు ఆమెదే.

"తిండి తినడం మానేసిందండీ ఇది, అందుకని తెచ్చాను," అంది హెస్టర్‌తో. "ఆవిడ పడిందని దీనికి పస్తులు."

"మీకు పాలీన్ తెలుసా?"

"తెలీకేం! మొన్న వచ్చింది, నిన్న ఇల్లంతా తనదైపోయింది. మేమిద్దరం పిల్లలుగా ఆ అటకలోనే బొమ్మలాడుకున్నాం. నోరీన్ పిల్లిలా దూలాల మీదే తిరిగేది. ఆవిడకు అవన్నీ ఏం తెలుసు? రైలు దిగి, గది ఎక్కడంటుంది!"

"ఐవీ, ఇక చాలు," అంది నోరీన్.

హెస్టర్ బయటికి వచ్చి మేస్త్రీ బెర్నార్డ్‌కు ఫోన్ చేయించింది. ఆ పలక తానే పరిచాననీ, అప్పుడది గట్టిగానే ఉందనీ అతను చెప్పాడు.

*

మర్నాడు నోరీన్ ఇంటి ముందుగదిలో అందరూ చేరారు. పాలీన్ కట్టుకట్టిన కాలు స్టూలు మీద చాపుకుని కూర్చుంది. బెర్నార్డ్ టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఐవీ నోరీన్ పక్కన చోటు చూసుకుంది. ఆ రోజు విల్ఫ్ టీవీ పెట్టలేదు.

"తాళం చెవి ఎవరి దగ్గరుందో వాళ్ళే దోషి అని అందరూ అనుకున్నారు," అంది హెస్టర్. "నేను వేరే ప్రశ్న వేసుకున్నాను. ఆ పలక మీద అడుగేసి ఎవరైనా పడొచ్చు. అక్కడ రోజూ తిరిగే నోరీన్ ముందు పడాలి. కోసినవాళ్ళకు ఆ భయం ఎందుకు లేదు?"

హెస్టర్ ఒక్కొక్కరి మొహమే చూసింది.

"ఎందుకంటే నోరీన్ పలకల మీద నడవదని వాళ్ళకు తెలుసు. విల్ఫ్ గారికీ తెలుసు, నిజమే. కానీ ఆ అలవాటు మాన్పించాలని ఆయన రోజూ అరుస్తున్నాడు. పలకను కోసిన మనిషి దాని మీద నడవమని భార్యను బతిమాలడు. మేస్త్రీకి ఇందులో పనిపోవడం తప్ప లాభం లేదు."

బెర్నార్డ్ ఊపిరి వదిలాడు.

"ఇక తాళం సంగతి. ఈ వరస ఇళ్ళ అటకలన్నీ ఒకటే. అటు నుంచి గోడ దాటి రావచ్చు. ఎడమవైపు నుంచి వస్తే సాలెగూళ్ళు చెదరాలి, చెదరలేదు. కుడివైపు దూరపు ఇళ్ళ నుంచి వచ్చినా అంతే. మిగిలింది ఒక్క ఇల్లు." హెస్టర్ కాగితం విప్పింది. అందులో తెల్లటి రంపప్పొట్టు ఉంది. "పలకను గోడ మీంచి అవతలికి లాక్కుని, అక్కడ కోసి, తెచ్చి మళ్ళీ పరిచారు. ఇది మీ అటకలో దొరికింది ఐవీ గారూ."

నోరీన్ పక్కకు తిరిగి చూసింది. "ఐవీ?"

ఐవీ బుకాయించలేదు.

"నీ మీద ఈగ వాలనిచ్చేదాన్ని కాదు, నోరీన్. నీకేం కాదని తెలిసే..."

"మరి ఆవిడ?"

"భయపడి పోతుందనుకున్నాను. అంతదూరం పడుతుందనుకోలేదు." ఐవీ గొంతు ఒక్కసారిగా లేచింది. "మా ఆయన పోయినప్పుడు, 'ఒక్క రాత్రి మా ఇంటికొచ్చి పడుకో' అన్నావా నన్ను? నిన్నగాక మొన్న వచ్చినదానికి గది కట్టిస్తావా? పైగా మధ్యలో గోడ లేపిస్తావా, నా మొహం మీద!"

"గోడ చట్టం కోసం ఐవీ. మంటలు పాకకుండా."

"నాకు తెలీదు అదంతా. నాకు వినపడింది ఇటుకల గురించే."

పాలీన్ స్టూలు మీంచి కాలు దించుకుంది. మెల్లిగా అంది. "పోలీసుల దగ్గరకు వెళ్ళను. కానీ నోరీన్, నేనిక్కడ ఉండలేను. అవతల ఈవిడ ఉందంటే, మధ్యలో గోడ ఉన్నా నాకు నిద్రపట్టదు."

ఐవీ మొహంలో ఒక్క క్షణం వెలుగు మెరిసింది. అది నోరీన్ కంటపడింది.

"సరే, నువ్వు గెలిచావు," అంది నోరీన్. "ఆవిడ రాదు. ఇక నువ్వు కూడా రావద్దు. ఆ పళ్ళెం పట్టుకెళ్ళు."

ఐవీ పళ్ళెం మరచిపోయి వెళ్ళింది. వీధి తలుపు మూసిన చప్పుడు, పక్కింటి తలుపు తెరిచిన చప్పుడు వరసగా వినిపించాయి. ఆ తర్వాత గోడ అవతల ఏ చప్పుడూ లేదు.

బెర్నార్డ్ పాలీన్‌కు చేయందించి కారు దాకా నడిపించాడు. హెస్టర్, కోలిన్ కోట్లు వేసుకుంటుండగా విల్ఫ్ నోరు విప్పాడు. ఈసారి గొంతు పెంచలేదు.

"డిటెక్టివ్ దగ్గరకు నా కోసం వెళ్ళావన్నమాట. నేనే అనుకున్నావు."

"అనుకున్నాను విల్ఫ్."

"ఇన్నేళ్ళ తర్వాత."

అతను కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. నోరీన్ అతని పక్కకు వెళ్ళి చేయి పట్టుకోబోయింది కానీ, పట్టుకోలేదు.

వీధిలోకి వచ్చాక కోలిన్ అడిగాడు. "మేడమ్, నిర్దోషి అని తేల్చాం కదా. ఆయన సంతోషించాలి కదా?"

"నిర్దోషినని ఆయనకు ముందే తెలుసు కోలిన్," అంది హెస్టర్ లంబ్, కొండవాలు దిగుతూ. "తెలియనిది భార్య తనను నమ్మిందో లేదో. అది మనం చెప్పాం."