తలెత్తని మూడు రోజులు

టాటానగర్ బారిడీహ్‌లో మా కంపెనీ క్వార్టర్‌కి ఒకే పెద్ద నియమం ఉండేది. నేను నైట్ షిఫ్ట్ చేసి వచ్చి పడుకుంటే ఇంట్లో ఎవరూ నోరెత్తకూడదు. స్టీలు కంపెనీలో క్రేన్ నడిపేవాడికి పగటి నిద్ర చాలకపోతే ఎవడి ప్రాణం మీదికైనా రావచ్చు. అందుకే పడగ్గది కిటికీలకి నల్ల దుప్పట్లు మేకులు కొట్టి బిగించాను. మిట్టమధ్యాహ్నం కూడా ఆ గదిలో కన్ను పొడుచుకున్నా ఏమీ కనపడదు. మా బిందుప్రియకి ఎనిమిదేళ్లు. ఎవరొచ్చినా గుమ్మంలోనే ఆపి, పెదవుల మీద వేలు పెట్టుకుని "ధీరే బోలో, పప్పా సో రహే హై" అనేది. నెమ్మదిగా మాట్లాడండి, నాన్న పడుకున్నారు అని. తెలుగులో అడిగినా హిందీలోనే జవాబు. ఇక్కడి పిల్లలంతా అంతే.

ఫోన్లు వచ్చాక ఆ నిశ్శబ్దం మాకు బాగా కలిసొచ్చింది. నా భార్య ఈశ్వరి వంటింట్లోంచి మెసేజ్ పెట్టేది, నేను మంచం మీంచి బొటనవేలు బొమ్మ కొట్టేవాణ్ణి. అన్నం తిన్నారా? బొటనవేలు. ఉప్పు సరిపోయిందా? బొటనవేలు. రానురాను మెలకువగా ఉన్నప్పుడూ అదే అలవాటైపోయింది. ఎదురుగా నిలబడి మాట్లాడితే "ఊఁ" అనేవాణ్ణి, కళ్లు మాత్రం ఫోన్‌లో ఉండేవి. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఈశ్వరి ముక్కుపుడక మార్చిన సంగతి నాకు రెండు నెలలకి తెలిసింది. అదీ మా అక్క చెబితే.

మే నెలలో ఒక ఆదివారం సాయంత్రం ఈశ్వరి మంచం పక్కన నిలబడి చాలాసేపు ఏదో చెప్పింది. ఫోన్‌లో ఎవడో పాత లారీ ఇంజను విప్పుతున్నాడు. ఊఁ అన్నాను. మళ్లీ ఏదో అడిగింది. ఊఁ, సరే అన్నాను. కాసేపటికి వీధి తలుపు మూసిన చప్పుడైంది.

ఆ తర్వాత మూడు రోజులు మామూలుగానే గడిచాయనుకున్నాను. రాత్రి డ్యూటీ, పగలు నిద్ర. లేచి హాల్లో కూర్చుంటే పక్కన గాజుల చప్పుడు అయ్యేది, ముందుకి కంచం జరిగేది. ఫోన్ చూస్తూనే తినేవాణ్ణి. రుచీ పచీ ఉండేది కాదు, పంటి కింద కరకరమనేది. ఎండలకి నోరు చచ్చిపోయిందనుకున్నాను. ఇంట్లో తడి బొగ్గు వాసన వేస్తుంటే నా డ్యూటీ బట్టలే అనుకున్నాను.

బుధవారం మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాను ఆగిపోయి, పరదాలు దించిన హాలు మసగ్గా, ఉక్కగా అయిపోయింది. బిందు ఒక మూల కూర్చుని ట్యాబ్ చూస్తోంది. నా ఫోన్ మోగింది. ఈశ్వరి. వంటింట్లోంచి ఫోన్ చెయ్యడమేమిటని విసుక్కుంటూ ఎత్తాను.

"నాన్నకి నయంగుంది. రేపు రాత్రి రైలెక్కుతాను," అంది. "బిందు తిన్నాదా? నేనన్ని మెసేజీలు ఎడితే మీరు ఒట్టి బొటనవేలు ఎడతారేటి?"

"నువ్వు ఎక్కడున్నావు?"

"ఏటి మాటది? పలాసలో, మా కన్నోరింట్లో. ఆదివారం ఎదురుగా నిలబడి సెప్పేను గదా, నాన్నకి బాగోనేదని. రాత్రిపూట బిందుని అగ్రికోలో వదిన కాడ దిగబెట్టమంటే ఊఁ అన్నారు. బిందుకీ సెప్పేను. అదీ ట్యాబ్‌లోంచి తలెత్తనేదు."

మూడు రాత్రులు... వాళ్లమ్మ ఉందనుకుని బిందుని ఇంట్లోనే వదిలి డ్యూటీకి పోయాను. మూడు రాత్రులూ అది ఎవరి పక్కన పడుకుంది?

అప్పుడే గాజులు గలగలమన్నాయి. నా మోకాళ్ల ముందుకి కంచం జరిగింది.

మూడు రోజులుగా తలెత్తనివాణ్ణి. ఇప్పుడు ఎత్తలేకపోయాను. ఎదురుగా చీర కుచ్చిళ్లు... కదలకుండా... నా మాట కోసం కాచుకున్నట్టు. తడి బొగ్గు వాసన గుప్పుమంది. ఏం చెయ్యాలో తెలియక, అలవాటుకొద్దీ "ఊఁ" అన్నాను. కుచ్చిళ్లు కదిలాయి. పడగ్గది వైపు. తలుపు మూసుకుంది.

ఫోన్ లైటు వేసి కంచంలోకి చూశాను. అన్నం కాదు. నల్లటి బొగ్గు నలుసులు, కుప్పగా.

"బిందూ," గుసగుసగా పిలిచాను. "మీ అమ్మ ఏది?"

"అందర్ హై," అంది, లోపలుందని పడగ్గది వైపు వేలు చూపించి. కళ్లు ట్యాబ్‌లోనే ఉన్నాయి. పెదవులు నల్లగా ఉన్నాయి. "ధీరే బోలో."

చెప్పులు కూడా వేసుకోకుండా దాన్ని ఎత్తుకుని వీధిలో పడ్డాను.

రెండు రాత్రులూ అగ్రికోలో మా అక్క పద్మకుమారి ఇంట్లో ఉన్నాం. జరిగింది అక్కకి చెప్పలేకపోయాను. ఏమని చెబుతాను? శుక్రవారం పొద్దున్న స్టేషన్‌కి బయల్దేరుతూ ఒకటే మాట చెప్పాను. నేను స్వయంగా వస్తేనే బిందుని పంపు, ఎవరొచ్చినా పంపొద్దు అని. ఈశ్వరి రైలు దిగగానే ముందు ఆమె మొహం కళ్లారా చూడాలని, తప్పయిందని చెప్పాలని అనుకున్నాను.

టాటానగర్‌లో ఫోన్ జేబులో పెట్టేసి ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. రైలు ఎంతకీ రాలేదు. ఎక్కడిదాకా వచ్చిందో చూద్దామని ఫోన్ తీశాను. తెర మీద పక్కనే ఏదో వీడియో. రెండే రెండు నిమిషాలు, ఒట్టు. తలెత్తేసరికి రైలు వచ్చి ఖాళీ అయిపోయి ఉంది.

గంటసేపు ప్లాట్‌ఫారాలన్నీ వెతికాను. ఈశ్వరి ఫోన్ ఎత్తలేదు. చివరికి అక్కకి చేశాను.

"ఏట్రా, ఇందాకే గదా నువ్వూ ఈశ్వరీ ఆటోలో వచ్చి బిందుని తీసుకెళ్లేరు," అంది అక్క. "నువ్వొత్తేనే పంపమన్నావు, పంపేను."

ఇల్లు చేరేసరికి ఈశ్వరి హాల్లో నిలబడి ఉంది. గుమ్మంలో నన్ను చూసింది. తర్వాత మూసి ఉన్న పడగ్గది తలుపు వైపు చూసింది. చేతిలోంచి సంచీ జారిపోయింది.

"స్టేషన్‌లో సంచీ అందుకున్నారు గదా మీరు," అంది గొణుగుతున్నట్టు. "ఆటోలో నాన్న సంగతి సెప్పినంతసేపూ ఊఁ అన్నారు. ఇంటికి రాగానే సంచీ నాకిచ్చీసి బిందుని ఎత్తుకుని గదిలోకెళ్లి తలుపేసీసేరు. మొకం సూణ్ణేదు నేను. ఎప్పుడూ ఫోన్‌లోకి దించుకునే ఉంటారు గదా..."

తలుపు కింద సన్నగా ఫోన్ వెలుగు కనిపిస్తోంది. తడి బొగ్గు వాసన. తోశాను. లోపల గడియ పెట్టి ఉంది.

"బిందూ..."

తలుపుకి అవతల, చాలా దగ్గరగా, మా పిల్ల గుసగుస.

"ధీరే బోలో. పప్పా సో రహే హై."

"నేనమ్మా, నాన్నని. గడియ తియ్యి."

దాని వెనక, మంచం మీంచి... అచ్చం నా గొంతు.

"ఊఁ."